వచ్చేది చుట్టమే, ఇల్లు మనది

అరకు, అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, పాడేరు, చింతపల్లి మండలాల అన్నలకు, వదినలకు, తాతలకు, అవ్వలకు, చదువుకుంటున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు!

చదవండి. చదవడం రానివాళ్లను కూర్చోబెట్టి చదివి వినిపించండి. తెలుగు సరిగా అందని ఇళ్లలో కువిలోనో, ఆదివాసీ ఒడియాలోనో చెప్పండి.

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం. ఘాట్ రోడ్డు మీద బండ్లు కదలడం లేదు. వ్యూ పాయింటు దగ్గర కార్లు రోడ్డు మీదే ఆపేసి జనం ఫొటోలు దిగుతున్నారు. నా జీపు వెనక సీట్లో నాకు వదిన వరసయ్యే మనిషి, నెలలు నిండి నొప్పులు మొదలైన మనిషి. గూడెం నుంచి రోడ్డు దాకా డోలీ కట్టి నలుగురం మార్చి మార్చి మోసుకొచ్చాం. దానికే గంటన్నర పట్టింది. రోడ్డెక్కాం, ఇంక భయం లేదనుకున్నాం. ఆ రోడ్డు మీదే రెండు గంటలు నిలబడిపోయాం. పక్క కారాయన అద్దం దించి, "ఎప్పుడు కదులుతుందన్నా?" అని నన్నే అడిగాడు. నా వెనక ఎవరున్నారో చెప్పాను. ఆయన కారు దిగి, ముందుకు పరిగెత్తి, ఒక్కొక్క బండీ పక్కకు తీయించాడు. తల్లీ బిడ్డా దక్కారు.

ఆయన చెడ్డవాడు కాడు. ఆ రోజు కొండెక్కినవాళ్లలో చాలామంది చెడ్డవాళ్లు కారు. అయినా ఆ రోజు నుంచి నాకు నిద్ర పట్టని ప్రశ్న ఒకటుంది. డోలీ మోసిన దారికి రోడ్డు లేదు. ఫొటో దిగే చోటికి తారు రోడ్డుంది. ప్రాణం మీదికి వచ్చిన గంటలో ఆ తారు రోడ్డు కూడా మనకు దొరకలేదు. మరి ఈ పర్యాటకం మనకేం తెచ్చింది? మన దగ్గర నుంచి ఏం పట్టుకుపోతోంది?

ఇది రాస్తున్న నేను బయటివాణ్ణి కాదు. అనంతగిరి కొండల్లో పుట్టాను. చుట్టాలను ఎక్కించుకుని బొర్రా గుహల నుంచి కటికి జలపాతం దాకా జీపు తిప్పి బతుకుతున్నాను. కొండకు జనం రాకపోతే నా పొయ్యి వెలగదు. నాతో చదివిన కుర్రాళ్లు సగం మంది కూలికి చెన్నై పోయారు, హైదరాబాదు పోయారు. నేను పోకుండా మా అమ్మ చేతి అంబలి తాగుతూ ఇక్కడే ఉన్నానంటే వచ్చేవాళ్ల పుణ్యమే. అందుకని ఎవరినీ రావద్దని ఈ కాగితం చెప్పదు. చుట్టం ఇంటికి వస్తే చాప వేస్తాం, నీళ్లిస్తాం. ఆ చుట్టం మన వంటింట్లో దూరి కుండలు దొర్లించి, పోతూ పోతూ పెరట్లో చెత్త పోసి పోతుంటే మాత్రం, "అయ్యా, ఇది మా ఇల్లు" అని చెప్పాలి కదా. ఆ మాట చెప్పే హక్కు మనకుంది. చట్టంలో రాసి ఉంది. ఎక్కడ రాసి ఉందో కిందకి వచ్చేసరికి చెబుతాను.

ముందు డబ్బు సంగతి.

విశాఖలో ఒక కుటుంబం శనివారం కారులో బయల్దేరింది అనుకోండి. పెట్రోలు అక్కడే పోయించుకుంటారు. నీళ్ల సీసాల కట్ట, చిప్సు, కూల్‌డ్రింకులు ఎస్.కోటలో కొని డిక్కీలో వేసుకుంటారు. గది ఫోనులో బుక్ చేసుకుంటారు. ఆ కమిషను ఎక్కడో నగరంలో కూర్చున్న కంపెనీకి పోతుంది. గది అద్దె రిసార్టు యజమానికి. చాలాచోట్ల ఆయన ఉండేది మైదానంలో. సాయంత్రం బొంగులో చికెన్ తింటారు. కోడి కింది ఫారం నుంచి వచ్చింది. నూనె, మసాలా కూడా కింది నుంచే వచ్చాయి. ఆ నిప్పుల మీద మనదంటూ ఉన్నది బొంగు ఒక్కటే. అడవికి పోయి ఆ వెదురు కొట్టి, భుజాన మోసుకొచ్చినవాడికి రోజు కూలి గిడుతుంది, అంతే. అదే వెదురుతో చేటో బుట్టో అల్లితే నాలుగేళ్లు ఇంట్లో పనికొస్తుంది. పచ్చి బొంగు ఒక్క పూట కాలితే బూడిదే. శీతాకాలం అయ్యాక దారి పక్క వెదురు పొదల కేసి చూడండి. చేతికి అందే బొంగు ఎన్ని పొదల్లో మిగిలిందో మీకే తెలుస్తుంది.

గదులు తుడిచే పిల్లకు, దుప్పట్లు ఉతికే అక్కకు, గేటు దగ్గర కూర్చున్న మావకు, నాలాంటి డ్రైవర్లకు చివరికి మిగిలేది అడుగు బొడుగు. డబ్బు శనివారం కొండెక్కుతుంది, ఒక రాత్రి పడుకుంటుంది, ఆదివారం సాయంత్రానికి దిగిపోతుంది.

దీనికి పక్కన మన కాఫీని పెట్టి చూడండి. సిల్వర్ ఓక్ నీడలో, మిరియాల తీగ పక్కన, మన చేత్తో ఒక్కొక్క పండూ ఏరి పండించిన అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2017లోనే పారిస్‌లో అరకు పేరుతో కాఫీ కొట్టు తెరిచారు. దళారులు లేరనీ, తూకంలో మోసాలు లేవనీ నేను అనను. కానీ తోట మన పేరున ఉంది, చెట్టు మన చేతిలో ఉంది. అందుకే ధర పెరిగిన ఏడాది ఎంతో కొంత మన గడపలోకీ వచ్చింది. పర్యాటకంలో తోట వేరొకరిది, చెట్టు వేరొకరిది. పండు ఏరే పని మాత్రం మనది.

నాకు మావ వరసాయన ఒకరున్నారు. రోడ్డు పక్కన రెండెకరాల మెట్ట, తాతల నాటి పట్టా. ఇప్పుడక్కడ పది గదుల రిసార్టు ఉంది. కాగితాల్లో యజమాని మావే. కరెంటు బిల్లు ఆయన పేరున వస్తుంది. బ్యాంకు ఖాతా ఆయన పేరునే ఉంది, దాని కార్డు మాత్రం వేరొకరి జేబులో ఉంది. మావ ఒంటి మీద ఖాకీ చొక్కా. కారు హారన్ కొడితే లేచి పరిగెత్తి గేటు తీస్తాడు. ఒకప్పుడు అదే చోట సామలు చల్లినవాడు. "సంతకం పెట్టే ముందు ఎవరికైనా చూపించాల్సింది కదా మావా" అన్నాను ఒకసారి. "పిల్ల పెళ్లిరా" అన్నాడు. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు. నేనూ అడగలేదు.

మావ లాంటి వాళ్లు మీ ఊళ్లోనూ ఉన్నారు. పేర్లు నేను రాయను, మీకు తెలుసు. వాళ్లను నిందించడానికి ఈ మాట ఎత్తలేదు. వాళ్ల వెనక చట్టం ఉందని వాళ్లకు చెప్పడానికి ఎత్తాను. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనుల నుంచి గిరిజనేతరుల చేతికి పోకుండా 1917 నుంచి ఒకదాని వెనక ఒకటి చట్టాలున్నాయి. 1959 నాటి నిబంధనను 1970లో గట్టిగా బిగించారు. అదే మనం 1/70 అంటున్నది. అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టూ లీజూ కూడా అందులో బదలాయింపు కిందే లెక్క. లీజే కదా, అమ్మలేదు కదా అని ఎవరైనా చెబితే నమ్మకండి. చెల్లని కాగితం మీద మీరు వేలిముద్ర వేసినా అది చెల్లని కాగితమే. భూమి తిరిగి ఇప్పించమని గిరిజన సంక్షేమ ప్రత్యేక డిప్యూటీ కలెక్టరు కోర్టులో భూ బదలాయింపు నిబంధన కింద ఎల్.టి.ఆర్. కేసు వేయొచ్చు.

పర్యాటక పెట్టుబడులు రావాలంటే 1/70ని సడలించాలన్న మాట 2025 మొదట్లో బయటికొచ్చింది. ఆ ఫిబ్రవరిలో ఏజెన్సీ మొత్తం రెండు రోజులు బంద్ పాటించింది. నేనూ జీపు తీయలేదు. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి చెప్పారు. మంచిదే. కానీ చట్టం పుస్తకంలో అలాగే ఉండగానే గుట్టలు చేతులు మారుతున్నాయి. పుస్తకాన్ని ఎవరూ మార్చనక్కర్లేదు, మనం నోరు మూసుకుంటే చాలు.

చట్టం ఒక్కటే కాదు, ఒక తీర్పు కూడా మన బొర్రా కొండల్లోనే పుట్టింది. మన పిల్లల్లో ఎంతమందికి అది తెలుసు? అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల ఖనిజం తవ్వుకోవడానికి ప్రైవేటు కంపెనీలకు లీజులిచ్చారు. గిరిజనుల కోసం పనిచేసే సమత సంస్థ సుప్రీంకోర్టు దాకా పోయింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రభుత్వ భూమిని కూడా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. పరిశ్రమ నడిపితే నికర లాభంలో కనీసం 20 శాతం పక్కన పెట్టి నీళ్లకు, బడులకు, ఆస్పత్రులకు, రోడ్లకు ఖర్చు చేయాలని కూడా చెప్పింది. ఆ 20 శాతం మాట గనుల సందర్భంలో వచ్చిందే, పర్యాటకానికి నేరుగా వర్తిస్తుందని నేను బుకాయించను. నా ప్రశ్న వేరు. కొండను తవ్వి అమ్ముకునేవాడు గూడేనికి వాటా పెట్టాలన్నప్పుడు, అదే కొండను చూపించి అమ్ముకునేవాడు ఎందుకు పెట్టకూడదు? గుహల టిక్కెట్టుంది, తోట టిక్కెట్టుంది, పార్కింగు రుసుముంది. చుట్టుపక్కల గూడేలకు ఆ చీటీల్లో రూపాయికి ఎన్ని పైసలు? ఈ లెక్క గ్రామసభలో బోర్డు మీద రాసి చూపించమని అడుగుదాం.

రోడ్డు గురించి అడిగితే కొందరికి కోపం వస్తుంది. "రోడ్లు వేస్తున్నది మీకోసమే" అంటారు. చలికాలం వస్తే రాష్ట్రంలో సగం కార్లు లంబసింగి వైపు తిరుగుతాయి కదా. నర్సీపట్నం నుంచి లంబసింగి ఎక్కే ఆ దారిని మొదట వేసింది ఎవరి చేతులు? గూడెం డిప్యూటీ తాసీల్దారు బాస్టియన్ కాలంలో, చాలీచాలని కూలికి, కొరడా భయంతో మన తాతలు కొట్టిన రాళ్లవి. ఆ కడుపుమంటే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు వెనక మన్యాన్ని నడిపించింది. చింతపల్లి స్టేషను మీద పడి తుపాకులు పట్టుకుపోయేలా చేసింది. ఇప్పుడు ఆ దారిలో పొగమంచు చూడ్డానికి పోతున్నవాళ్లకు ఈ కథ చెప్పే బోర్డు ఒక్కటైనా ఉండాలని నా గట్టి కోరిక.

ఇక నీళ్లు.

గోస్తని పుట్టింది బొర్రా దగ్గర. కటికి జలపాతం ఆ నీళ్లే. కిందకి పోయి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. తాటిపూడి నుంచి విశాఖపట్నానికి తాగునీళ్లు పోతాయి. అంటే ఆదివారం కటికి దగ్గర రాళ్ల మధ్య పారేసిన సీసా, నూనె ఓడుతున్న ప్లేటు, పసిబిడ్డ డైపరు, వానొస్తే అన్నీ ఆ విశాఖవాళ్ల కుళాయి వైపే బయల్దేరుతాయి. మధ్యలో ఉన్నది మనం. వాళ్ల కుళాయి దాకా పోయేలోపు శుద్ధి చేసే యంత్రాలున్నాయి. మన గెడ్డకు ఏ యంత్రం ఉంది? నిరుడు మా పక్కింటి పిల్లాడు గెడ్డలో చేపలు పడుతుంటే బీరు సీసా పెంకు దిగింది. మడమ దగ్గర్నుంచి బొటనవేలి దాకా చీరుకుపోయింది. ఎనిమిదేళ్ల వాడు. నెల రోజులు బడికి పోలేదు. మేం చిన్నప్పుడు ఆ గెడ్డలో కళ్లు మూసుకుని దిగేవాళ్లం.

కొండపైన రిసార్టులకు బోర్లు పడ్డాక మా ఊట వేసవి రాకముందే సన్నబడుతోంది. బోరు వల్లేనని రుజువేంటని అడుగుతారు. రుజువు మన దగ్గర ఎందుకుంటుంది? తవ్వినవాడు కదా చూపించాలి, తన బోరు వల్ల ఎవరి ఊటా ఎండదని. పది గదులకు రోజూ దుప్పట్లు ఉతకాలి, స్నానాలకు వేణ్ణీళ్లు కావాలి, పచ్చగడ్డికి నీళ్లు పట్టాలి. ఆ గడ్డి పక్క నుంచే మా అక్క రెండు బిందెలు మోసుకుంటూ పోతుంది. ఆ నీళ్లు మళ్లీ ఏ గుంటలోకి పోతున్నాయి, ఏ గెడ్డలోకి వదులుతున్నారు అన్నది ఇంకో ప్రశ్న. రాత్రిపూట పైపు విప్పే చోట్లు మనలో కొందరికి తెలుసు. చూసిన తేదీ, చోటు రాసి పెట్టుకోండి. సభలో పనికొస్తాయి.

వలిసె పూల కాలం మీకు వేరే చెప్పాలా? లోయంతా పసుపు ఆరబోసినట్టుంటుంది. దానికోసమే ఇప్పుడు జనం వస్తున్నారు. మా పిన్ని చేను రోడ్డుకు ఆనుకుని ఉంది. కొందరు మనిషికి ఇంతని ఇచ్చి దిగుతారు, కొందరు అడక్కుండానే దిగుతారు. పెళ్లి ఫొటోల వాళ్లొస్తే నేల మీద గుడ్డ పరిచి, పూల మధ్య పడుకోబెట్టి తీస్తారు. సాయంత్రానికి చేను మధ్యలో బాటలు పడతాయి. విరిగిన మొక్క కాయ కట్టదు. పువ్వులో తేనెటీగ కూర్చోవాల్సిన వేళకి మనుషుల తొక్కిడి ఉంటుంది. పోయిన ఏడు పిన్నికి ఫొటోల డబ్బు వచ్చింది, గింజ సగానికి పడింది. ఇంటికి ఏడాది పొడవునా వాడే నూనె ఆ గింజది. ఆ పచ్చనోట్లతో కొట్లో పాకెట్టు నూనె కొనుక్కొచ్చింది. "పువ్వు అమ్ముకున్నానురా, కాయ పోగొట్టుకున్నాను" అంది.

ఆమె నాలుగు గట్లు వదిలి, గట్టు మీద నుంచే ఫొటో అని తాడు కట్టి, మనిషికి తగిన రుసుము పెట్టుకుంటే చేనూ మిగులుతుంది, డబ్బూ వస్తుంది. ఒక్క పిన్ని అలా చేస్తే పక్క చేనులోకి పోతారు. లోయంతా ఒక్క మాట మీద ఉంటే ఎక్కడికి పోతారు? అందుకే గ్రామసభ కావాలంటున్నాను.

అడ్డాకు సంగతి కూడా అంతే. మన ఆడవాళ్లు అడవిలో ఏరి, ఎండబెట్టి, ఈనెపుల్లతో కుట్టిన విస్తరి. అన్నం తిని పారేస్తే మేక తింటుంది, లేదా మట్టిలో కలుస్తుంది. ఆ ఆకు కట్టలు కట్టి మైదానానికి పంపుతున్నాం. మైదానం నుంచి వచ్చినవాళ్లు మన అడవిలో కూర్చుని ప్లాస్టిక్ పూత పూసిన ప్లేట్లలో తింటున్నారు. 2022 జులై 1 నుంచి ఒక్కసారి వాడి పారేసే ప్లాస్టిక్ వస్తువులు చాలావాటిని దేశమంతా నిషేధించారు. మన కొండ మీద ఆ నిషేధం అమలు చేయడానికి పోలీసులు అక్కర్లేదు. ప్రతి బొంగు చికెన్ పొయ్యి దగ్గరా, ప్రతి టిఫిను బండి దగ్గరా అడ్డాకు తప్ప ఇంకోటి ఉండదని మన కొట్లవాళ్లే ఒట్టు పెట్టుకుంటే, కుట్టే ప్రతి అవ్వకూ పని, గెడ్డకు ఊపిరి.

అవ్వ అంటే గుర్తొచ్చింది. వారపు సంతలో ముక్కుపుడకలు పెట్టుకున్న పెద్దవాళ్ల ముఖం మీదికి ఫోను పెట్టి ఫొటో తీస్తున్నారు. ఆ అవ్వలు కొంగు అడ్డం పెట్టుకుంటే నవ్వుతున్నారు. నేను చూశాను, ఆ వేళ నోరు రాలేదు, ఇప్పటికీ సిగ్గుగా ఉంది. ఈసారి అక్కడున్న మనవడెవరైనా, మనవరాలెవరైనా మెల్లగా చెప్పండి: "అడిగి తీయండమ్మా." థింసా కూడా అలాగే అయిపోతోంది. చైత్ర పర్వానికి, పెళ్లికి, మోరీ ఊదగానే కాలు దానంతటది లేచే ఆట అది. రిసార్టు లాన్ మీద, తాగి ఉన్నవాళ్ల మధ్య, వాళ్లు చెయ్యి పట్టుకుని లాగుతుంటే ఆడాల్సిన ఆట కాదు. ఆడే బృందమే సమయం చెప్పాలి, ధర చెప్పాలి, ఆడపిల్ల చెయ్యి పట్టుకుంటే డప్పు ఆగిపోతుందని ముందే చెప్పాలి.

ఇంకో మాట నోట రావడం కష్టమే, అయినా చెబుతున్నా. నా జీపు ఎక్కేవాళ్లలో కొందరు దిగే ముందు గొంతు తగ్గించి గంజాయి దొరుకుతుందా అని అడుగుతారు. వాళ్లు అడిగి, కొని, ఇంటికి పోతారు. మోసినందుకు జైల్లో ఉన్నది మన కుర్రాళ్లు. బెయిలు కోసం పొలం తాకట్టు పెట్టిన అమ్మలు మనకు తెలుసు. తమ్ముళ్లూ, ఆ అడిగినవాడికి దారి చూపించకండి.

"చిన్న గూడెం ఏం చేయగలదు?" అనేవాళ్లకు రెండు సంగతులు. ఫిలిప్పీన్స్‌లో బోరకాయ్ అనే దీవి ఉంది. ప్రపంచమంతా పోయే చోటు. మురుగు సముద్రంలోకి వదులుతున్నారని 2018లో ఆరు నెలలు దీవి మొత్తం మూసేసి శుభ్రం చేశారు. మన పక్క తమిళనాడులో నీలగిరికీ కొడైకెనాల్‌కీ బండ్లు పెరిగిపోతే మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే 7 నుంచి ఈ-పాస్ పెట్టారు. పాస్ లేకుండా పర్యాటకుల బండి ఎక్కకూడదన్నారు. కొండ ఎంత మోస్తుందో అంతే ఎక్కించడం కొత్త మాటేం కాదు. డోలీ మోసేవాడికి బరువు సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంకా దగ్గర్లో కావాలంటే మారేడుమిల్లి ఉంది. అక్కడ వన సంరక్షణ సమితిలో ఉన్న గిరిజనులే అడవిలో విడిది నడిపి చూపించారు.

చట్టం చెబుతానన్నాను కదా. 1996 పెసా చట్టం ప్రకారం షెడ్యూల్డ్ ప్రాంతంలో గూడేనికి గూడెమే గ్రామసభ. చేయి దాటిన భూమిని అడ్డుకుని తిరిగి ఇప్పించే అధికారం, చిన్న నీటి వనరుల మీద అజమాయిషీ, సంతల నిర్వహణ, అన్నీ అందులో ఉన్నాయి. 2011లో మన రాష్ట్రం దానికి నిబంధనలు కూడా రాసింది. 2006 అటవీ హక్కుల చట్టం 5వ సెక్షను అడవినీ, నీటి ఊటలనూ, వాటి పరీవాహకాన్నీ కాపాడే అధికారం గ్రామసభకూ ఇచ్చింది. సామూహిక అటవీ వనరుల్లోకి ఎవరు, ఎలా రావాలో నియంత్రించే తీర్మానం చేయొచ్చంది. ఇంత అధికారం చేతిలో పెట్టుకుని మనం సభ రోజున రిజిస్టరులో వేలిముద్ర వేసి ఇంటికి పోతున్నాం. అక్కడే మన తప్పుంది.

సీజను నవంబరులో మొదలవుతుంది. అక్టోబరు 2న గ్రామసభ ఉంటుంది. మధ్యలో నెల రోజులే.

ఆ రోజు ప్రతి గూడెంలో తీర్మానం రాద్దాం. మన ఊరి హద్దులో కొత్త రిసార్టో, టెంట్ల క్యాంపో, బోరో రావాలంటే గ్రామసభ ముందు నిలబడి అనుమతి అడగాలి. అడగనివాడికి నీళ్లూ దారీ లేవని రాద్దాం. ఉన్న రిసార్టుల భూమి ఎవరిదో, నడిపేదెవరో సభలో చదవాలి. మావ లాంటివాళ్లకు ఆ రోజు మనం అండగా నిలబడాలి, వేలు చూపించకూడదు. టిక్కెట్టు, పార్కింగు డబ్బుల్లో గూడేనికి వాటా అడుగుదాం. ఆ వాటాతో మొదటి పని డోలీ దారికి రోడ్డు. కార్తీకం ఆదివారాలు, జనవరి 1, సంక్రాంతి రోజుల్లో ఘాట్ మీద ఒక వరస అంబులెన్సుకు ఖాళీగా ఉంచమని కలెక్టరు గారికి తీర్మానం పంపుదాం. వ్యూ పాయింట్ల దగ్గర రోడ్డు మీద బండి ఆపకుండా చూసే పని మన కుర్రాళ్లకే, జీతమిచ్చి, అప్పగించమందాం. సీసా కొన్న చోటే అదనంగా పది రూపాయలు తీసుకుని, ఖాళీ సీసా తెచ్చినవాడికి తిరిగిచ్చే పద్ధతి పెడదాం. జీపు డ్రైవర్లం మేం ముందుకొస్తున్నాం: మా బండెక్కినవాళ్ల చెత్త మా బండిలోనే కిందకి దిగుతుంది. ఒక సంచి సీటు కింద ఇప్పటికే కట్టాను.

మా కొండ చూడ్డానికి వచ్చే అన్నలకూ అక్కలకూ నాలుగు మాటలు. రండి. మా పిల్లల చేతిలో చాక్లెట్లు పెట్టే బదులు మా అమ్మల దగ్గర రాజ్‌మా కొనండి, పసుపు కొనండి, మిరియాలు కొనండి, బేరం ఆడకండి. గది తీసుకునే ముందు ఈ స్థలం ఎవరిదని అడగండి. మా వాళ్లు నడిపే హోమ్‌స్టే దొరికితే అక్కడే దిగండి. చోడి అంబలి పెడతారు, కాదనకండి. తెచ్చిన ప్లాస్టిక్ మీతో తీసుకుపోండి. వెనక హారన్ వినపడితే దారివ్వండి. ఆ బండిలో ఎవరున్నారో మీకు తెలియదు.

అక్టోబరు 2, పొద్దున తొమ్మిదింటికి. ఏ గూడెం వాళ్లు ఆ గూడెం చింతచెట్టు కిందికి రండి. పట్టా కాగితాలుంటే తెచ్చుకోండి, లీజు కాగితాలుంటే మడతపెట్టి దాచకుండా తీసుకురండి. చదువుకున్న తమ్ముళ్లు రెండు పెన్నులు, తీర్మానం రాయడానికి తెల్లకాగితాలు తేవాలి. ఆడవాళ్లు వెనక కాదు, ముందు వరసలో కూర్చోవాలి. నీళ్లు మోసేది వాళ్లే కదా. వలిసె చేను రోడ్డు పక్కన ఉన్నవాళ్లు తప్పక రావాలి. నడవలేని తాతలకు, అవ్వలకు ముందు రోజే కబురు చెప్పి ఉంచండి. పాత హద్దులు, పాత ఊటలు, ఏ చెట్టు ఎవరిదో గుర్తున్నది వాళ్లకే. వాళ్లను డోలీలో మేం మోసుకొస్తాం.

ఇట్లు,
అనంతగిరి, అరకు కొండల జీపు డ్రైవర్లు, కాఫీ రైతులు, విస్తరాకులు కుట్టే అక్కచెల్లెళ్ల తరఫున
మీ ఊరి కుర్రాడు